పల్నాటి డాబా మీద కాక్టస్ పుస్తకాలు

కాక్టస్, సక్యులెంట్ మొక్కల మీద ప్రపంచంలో వచ్చిన పుస్తకాలన్నీ పేరిస్తే ఒక పెద్ద గది నిండుతుంది. వాటిలో నరసరావుపేటలో డాబా మీద కుండీలు పెట్టుకున్న మనిషికి అక్కరకొచ్చేవి ఏవి? ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరక్కే మన ఊళ్లలో ఏటా రోహిణి కార్తెకు కొన్ని మొక్కలు మాడిపోతున్నాయి, అక్టోబరు ముసురుకు మరికొన్ని కుళ్లిపోతున్నాయి. అమ్మినవాళ్లు "వారానికోసారి నీళ్లు పోస్తే చాలండి" అని చెప్పి పంపిస్తారు. పుస్తకం తెరిస్తే వేసవంతా ధారాళంగా పోయమనీ, చలికాలం నాలుగైదు నెలలు చుక్క కూడా పోయొద్దనీ ఉంటుంది. మొదటి మాట అన్ని మొక్కల్నీ ఒకే గాట కడుతుంది. రెండో మాట లండన్‌లో నిజం, పల్నాట్లో కాదు.

ఈ పుస్తకాల్లో ఎక్కువ భాగం బ్రిటన్‌లోనో జర్మనీలోనో కాలిఫోర్నియా తీరంలోనో ఉండి రాసినవి. అక్కడ పెంచేవాళ్ల దిగులంతా మంచు గురించి, వెలుతురు లేని శీతాకాలం గురించి. మన దిగులు వేరు. వేసవి వస్తే ఎండల వార్తల్లో రెంటచింతల పేరు చూస్తూనే ఉంటాం. నరసరావుపేట దానికి ఎంతో దూరం కాదు. పగలు 44, 45 డిగ్రీలు ఒక ఎత్తు, రాత్రి కూడా 30కి దిగనంటున్న ఉక్క ఇంకో ఎత్తు. ఆ వెంటనే వానలు, అవి పోయాక వాయుగుండాలు. అందుకని నేను చెప్పదలచుకున్నది ఒకటే. కాక్టస్ పుస్తకం ఏది కొన్నా నీళ్ల క్యాలెండరు ఉన్న పేజీని ఆఖరున చదవాలి, మొక్క పుట్టిన చోటు గురించి రాసిన పేజీని మొదట చదవాలి. పుట్టిన చోటు గురించి ఎంత వివరంగా చెబితే ఆ పుస్తకం మనకు అంత మంచిది. ఇక్కడ పుస్తకాలను ఆ కొలతతోనే చూస్తున్నాను.

రాత్రి వేడి ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఆర్థర్ గిబ్సన్, పార్క్ నోబెల్ కలిసి రాసిన 'ది కాక్టస్ ప్రైమర్' చదవాలి. 1986లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ప్రచురించింది. ఎన్నిసార్లు నీళ్లు పోయాలో ఇందులో ఉండదు. కాక్టస్ ఎలా బతుకుతుందో ఉంటుంది. మామూలు మొక్కలు పగలు ఆకుల రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి. ఎండలో రంధ్రం తెరిస్తే లోపలి నీరు ఆవిరైపోతుంది కాబట్టి కాక్టస్‌లు, చాలా సక్యులెంట్లు ఆ పని రాత్రికి పెట్టుకున్నాయి. రాత్రి తీసుకున్న కార్బన్ డయాక్సైడును ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి. తెల్లవారాక రంధ్రాలు మూసుకుని, ఆ దాచిన సరుకుతో ఎండలో ఆహారం వండుకుంటాయి.

ఈ సంగతిని మొదట పసిగట్టిన వాళ్లలో ఒకాయన మన సామర్లకోటకు చెందినవాడే అనుకోవచ్చు. అక్కడ పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ కలకత్తా వెళ్లాక ఆయన పనిని అందుకున్న బెంజమిన్ హైనే, రణపాల ఆకు తెల్లవారుజామున పుల్లగా ఉండి, మధ్యాహ్నానికి రుచి లేకుండా పోయి, సాయంత్రానికి కాస్త చేదుగా మారడం గమనించాడు. 1813లో ఉత్తరంగా రాశాడు. 1815లో లండన్ లినేయన్ సొసైటీ అచ్చు వేసింది. రణపాల మన పెరళ్లలో లేని ఊరు లేదు. పొద్దున ఆరింటికి ఒక ఆకు తుంచి అంచు నాలుకకు తాకించి, మళ్లీ ఒంటిగంటకు అదే చెట్టు ఆకు తాకించి చూస్తే ఎవరికైనా తేడా తెలుస్తుంది. రుచి చూడటమే, నమిలి మింగక్కర్లేదు. గుమ్మానికి దిష్టికి కట్టిన కలబంద నేల తగలకుండా, నీళ్లు లేకుండా నెలల తరబడి పచ్చగా ఉండటానికి కూడా మూలం ఇదే.

నోబెల్ కొలతలు చెప్పేదేమంటే, చాలా అగేవ్‌లు, కాక్టస్‌లు రాత్రి 15 డిగ్రీల అటూ ఇటూ చల్లదనం ఉన్నప్పుడే గాలిని బాగా తీసుకుంటాయి. అలాంటి రాత్రులు మనకు డిసెంబరు, జనవరి నెలల్లోనే వస్తాయి. మే నెలలో రాత్రంతా వేడిగా ఉంటే ఎత్తయిన కొండల నుంచి వచ్చిన మొక్క పగలూ పని చేయలేదు, రాత్రీ చేయలేదు. అది నిద్రలోకి జారుకుంటుంది. అప్పుడు పోసిన నీళ్లు వేరు తాగదు; వేడి మట్టిలో నిలిచి వేరును కుళ్లబెడతాయి. ఇంగ్లిష్ పుస్తకం ఎండబెట్టమన్న నెలలే మనకు చాలా మొక్కలు పెరిగే నెలలు. అది ధారాళంగా పోయమన్న నెలల్లోనే మనం చెయ్యి వెనక్కు తీసుకోవాలి. ఈ ఒక్క తిరకాసు అర్థమైతే మిగతా పుస్తకాలన్నీ పనికొస్తాయి. అందుకే నేను సిఫారసు చేసే మొదటి పుస్తకం ఇదే, అందులో మొక్కల జాబితా లేకపోయినా.

పెద్ద నిఘంటువుల సంగతి త్వరగా చెప్పేస్తాను. అన్నిటికీ పునాది బ్రిటన్, రోజ్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు 1919 నుంచి 1923 దాకా నాలుగు సంపుటాలుగా తెచ్చిన 'ది కాక్టేసీ'. మేరీ ఎమిలీ ఈటన్ వేసిన నీటిరంగుల బొమ్మలు ఈనాటికీ చూడముచ్చటగా ఉంటాయి. హక్కుల కాలం తీరిపోయింది కాబట్టి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితంగా చదువుకోవచ్చు. పేర్లు చాలావరకు మారిపోయాయి, కానీ ప్రతి జాతికీ అది మొదట ఏ ఊరి దగ్గర దొరికిందో, ఎక్కడెక్కడ పెరుగుతుందో రాశారు. మన కొలతకు అదే కావాలి. తర్వాత జర్మనీలో కర్ట్ బాకెబర్గ్ 1958 నుంచి 1962 దాకా ఆరు సంపుటాలు రాసి ప్రజాతుల్ని ముక్కలు ముక్కలుగా విడగొట్టాడు. పాత నర్సరీ చీటీల మీద కనిపించే ఎన్నో పేర్లు ఆయన పెట్టినవే. కొత్తగా పెంచేవాళ్లకు ఆ పుస్తకం అవసరం లేదు.

ఒక్క నిఘంటువే కొనగలిగితే ఎడ్వర్డ్ ఆండర్సన్ 2001లో తెచ్చిన 'ది కాక్టస్ ఫ్యామిలీ' కొనాలి. 125 ప్రజాతులు, 1,800 పైచిలుకు జాతులు, వాటి బొమ్మలు, ఒక్కోదాని స్వస్థలం ఉన్నాయి. కాక్టస్‌ను మనుషులు తిండికీ మందుకూ రంగుకూ ఎలా వాడారో చెప్పే అధ్యాయం విడిగా చదివినా బాగుంటుంది. డేవిడ్ హంట్ 2006లో రెండు సంపుటాలుగా తెచ్చిన 'న్యూ కాక్టస్ లెక్సికన్' దానికంటే కొత్తది, బొమ్మలు ఇంకా ఎక్కువ. అయితే అది శాస్త్రజ్ఞులకూ బాగా ముదిరిన సేకర్తలకూ. పేర్లు మారడం చూసి చిరాకు పడాల్సిన పనిలేదు. జన్యుపరీక్షలు వచ్చాక చుట్టరికాలు కొత్తగా తేలుతున్నాయి. మన చాగనార ఉన్న సాన్సివేరియా ప్రజాతి మొత్తాన్ని ఇప్పుడు డ్రసీనాలో కలిపారు. చీటీ మీద పాత పేరూ కొత్త పేరూ రెండూ రాసుకుంటే ఏ పుస్తకమైనా తెరవొచ్చు.

ఇక పెంపకం పుస్తకాలు. మొదటిసారి కొనేవాళ్లకు టెర్రీ హ్యూయిట్ 1993లో డోర్లింగ్ కిండర్స్‌లీ సంస్థకు రాసిన 'ది కంప్లీట్ బుక్ ఆఫ్ కాక్టై అండ్ సక్యులెంట్స్' చాలా అనువైనది. కుండీ మార్చడం, కొమ్మ తుంచి నాటడం, గ్రాఫ్టింగ్ కట్టడం అడుగడుగునా ఫోటోలతో చూపించారు. ఇంగ్లిష్ అంతగా రాకపోయినా బొమ్మలు చూసి పని నేర్చుకోవచ్చు. గ్రాఫ్టింగ్ పేజీలు మనకు ప్రత్యేకంగా పనికొస్తాయి. ఎరుపు, పసుపు గుండుతో నర్సరీల్లో అమ్మే మూన్ కాక్టస్‌కు పచ్చదనం ఉండదు, సొంతంగా వండుకోలేదు. కింద ఉన్న మూడు పలకల కాండమే దాన్ని పోషిస్తుంది. ఆ కాండం డ్రాగన్ ఫ్రూట్ మొక్కది. డ్రాగన్ ఫ్రూట్ తోటలు ఇప్పుడు తెలుగు రాష్ట్రాల్లో పెరిగాయి కాబట్టి కాండం ముక్కకు కొదవలేదు. పాత కాండం పుచ్చిపోతుంటే గుండును కోసి కొత్త కాండం మీద ఎక్కించుకోవడం ఎవరైనా చేయగల పని.

హ్యూయిట్ తర్వాత గ్రాహం చార్ల్స్. ఈయన బ్రిటన్‌లో ఉంటాడు, కానీ దక్షిణ అమెరికా కొండల్లో ఏళ్ల తరబడి తిరిగి రాసినవాడు. 2003లో వచ్చిన 'కాక్టై అండ్ సక్యులెంట్స్' పెంపకం పుస్తకాల్లో నాకు అన్నిటికంటే నమ్మకమైనది. పెంచే పద్ధతిని ఆయన మొక్క స్వస్థలం నుంచి మొదలుపెట్టి చెబుతాడు. బ్రిటన్ లెక్కలు ఎక్కడ వస్తున్నాయో చదువరికి తెలిసిపోతుంది, వాటిని పక్కనపెట్టి మిగతాది తీసుకోవచ్చు. ఆయన సంపాదకత్వంలో 2011 నుంచి వస్తున్న 'కాక్టస్ ఎక్స్‌ప్లోరర్' పత్రికను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. పుస్తకానికి డబ్బు లేనివాళ్లు ఇక్కడే మొదలుపెట్టవచ్చు. కొండవాలు మీద, బండ పగుళ్లలో, ముళ్లపొద నీడలో మొక్క ఎలా ఉందో చూపే ఫోటోలు అందులో కొల్లలు. చాలా కాక్టస్‌లు చిన్నప్పుడు ఇంకో పొద నీడలో పెరుగుతాయని ఒకసారి కళ్లారా చూశాక, మే నెలలో వాటి మీద షేడ్ నెట్ కట్టడానికి మరొకరు చెప్పక్కర్లేదు.

డెబ్రా లీ బాల్డ్విన్ 2007లో రాసిన 'డిజైనింగ్ విత్ సక్యులెంట్స్' మాత్రం ఇక్కడ కొనొద్దనే అంటాను. పుస్తకం అందంగా ఉంది, రాసిన మనిషికి మొక్కలంటే ప్రాణం. కానీ అందులోని తోటలు దక్షిణ కాలిఫోర్నియావి, వాటిలో ఎక్కువగా కనిపించే ఎచివేరియాలు మెక్సికో ఎత్తయిన కొండలవి. అవి చూసి మోజుపడి తెచ్చుకుంటే జనవరిలో గులాబీల్లా విచ్చుకుంటాయి, మే చివరకు మొదలు మెత్తబడి ఆకులు రాలిపోతాయి. లిథాప్స్ మీద డెస్మండ్ కోల్, స్టీవెన్ హామర్ రాసిన పుస్తకాలకూ ఇదే మాట. రాళ్లలో రాళ్లలా దాగే ఆ మొక్కల కథ చదవడానికి ఎంతో బాగుంటుంది. చదివి ఆనందించి, పెంపకం చల్లని ఊళ్లవాళ్లకు వదిలేయడం మంచిది.

మట్టి దగ్గరికి వస్తే పల్నాడు వేరే లోకం. ఇది సున్నపురాయి దేశం. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, మాచర్ల నాపరాళ్లు అందరికీ తెలిసినవే. పుస్తకాలన్నీ మట్టిలో సగానికి పైగా గులకరాయి కలపమంటాయి. అది ఏ రాయో చెప్పవు, రాసినవాళ్ల ఊళ్లో అది సమస్య కాదు కాబట్టి. మనం దగ్గర్లో దొరికిన చిప్స్ తెచ్చి కలిపితే అవి సున్నపురాయివి కావచ్చు. దానికి తోడు బోరు నీళ్లు. కుండీ అంచున, అడుగు రంధ్రం చుట్టూ గట్టిగా పేరుకునే తెల్లటి పొలుసు ఆ నీళ్లలోని సున్నమే. కొన్ని నెలల్లో మట్టి పైపొర గట్టిపడుతుంది, కొత్త ఆకులు పాలిపోతాయి. ఇనుము మట్టిలో ఉన్నా మొక్కకు అందదు.

పరీక్ష సులువు. గుప్పెడు చిప్స్ కడిగి ఆరబెట్టి, ఒక రాయిని పగలగొట్టి, కొత్తగా విరిగిన ముఖం మీద రెండు చుక్కలు వెనిగర్ వేయాలి. చెవి దగ్గర పెట్టుకుంటే చిటపట వినిపిస్తుంది, కంటికి సన్నటి బుడగలు కనిపిస్తాయి. అలా పొంగితే సున్నపురాయి. పొంగకపోతే చాలావరకు గ్రానైట్ రకం, కలుపుకోవచ్చు. మిగతా భాగానికి కడిగిన ముతక ఏటి ఇసుక, ఇటుక ముక్కలు, బొగ్గు ముక్కలు, బాగా మాగిన పశువుల ఎరువు కొంచెం చాలు. నల్లరేగడి ఒక్క పిడికెడు కూడా వద్దు. తడిస్తే నీటిని వదలదు, ఎండితే బిగుసుకుని వేళ్లను తెంపుతుంది. వాన నీళ్లు డ్రమ్ములో పట్టి పెట్టుకుని వీలైనంత కాలం అవే పోస్తే సగం బాధ తీరుతుంది.

అయితే సున్నం అన్ని మొక్కలకూ శత్రువు కాదు. పుట్టిన చోటు పేజీ విలువ తెలిసేది ఇక్కడే. ఈశాన్య మెక్సికోలో ఆస్ట్రోఫైటమ్, ఏరియోకార్పస్, థెలోకాక్టస్ లాంటివి సున్నపురాయి గుట్టల మీదే పుట్టి పెరుగుతాయి. తెల్లటి చుక్కలతో, ఐదు పలకలతో ఉండే ఆస్ట్రోఫైటమ్ మిరియోస్టిగ్మాకు మన చిప్స్ పుట్టింటి రాయి లాంటిది. అదే అర్జెంటీనా, పరాగ్వే, ఉరుగ్వే ప్రాంతాల జిమ్నోకాలిసియమ్‌లకు సున్నం పడదు, కాస్త పులుపు మట్టి కావాలి. బొలీవియా కొండల రెబుషియాకూ అంతే, పైగా దానికి రాత్రి చల్లదనం కూడా కావాలి. ఒకే ట్రేలో ఒకే మట్టిలో ఇవన్నీ పెట్టి, కొన్ని బాగుండి కొన్ని పాడైతే చెయ్యి మంచిది కాదనుకునే మనుషులున్నారు. పాడైన మొక్క పేరు పట్టుకుని స్వస్థలం చదివితే కారణం నాలుగు వాక్యాల్లో దొరుకుతుంది.

మనకు అచ్చొచ్చే మొక్కల మీద విడివిడిగా వచ్చిన పుస్తకాల్లో మూడు నాలుగింటిని గట్టిగా సిఫారసు చేస్తాను. అడీనియం పెంచేవాళ్లు మార్క్ డిమిట్, జీన్ జోసెఫ్, డేవిడ్ పాల్జ్‌కిల్ కలిసి 2009లో తెచ్చిన పుస్తకం చూడాలి. డిమిట్ పనిచేసింది అరిజోనాలోని టూసాన్‌లో. అక్కడ వేసవి పగలు మన పగలంత వేడి, జూలై నుంచి సెప్టెంబరు దాకా వానలు. కాబట్టి వేసవి, వానాకాలం గురించి ఆయన చెప్పే మాటలు మనం దాదాపు ఉన్నవి ఉన్నట్టు తీసుకోవచ్చు. అడీనియం అరేబియా, తూర్పు ఆఫ్రికా మొక్క. వేడి రాత్రుల్లో పెరుగుతుంది, పూస్తుంది. దాన్ని చంపేది ఎండ కాదు, ముసురు పట్టిన రోజుల్లో దుంప దగ్గర నిలిచిన తడి.

నైజెల్ టేలర్, డానియేలా జాప్పి 2004లో లండన్ క్యూ వృక్షోద్యానం తరఫున తెచ్చిన 'కాక్టై ఆఫ్ ఈస్టర్న్ బ్రెజిల్' శాస్త్రగ్రంథం. కొనడం ఖరీదైన వ్యవహారం. అయినా పేరు చెప్పడానికి కారణం ఉంది. తూర్పు బ్రెజిల్‌లో కాటింగా అనే ముళ్లచిట్టడవి ఉంది. ఎండాకాలం ఆకులన్నీ రాల్చి, వాన పడగానే చిగురిస్తుంది. ఎత్తు తక్కువ, వేడి ఎక్కువ, వాన ఒక్క కాలంలోనే. నల్లమల అంచు చిట్టడవి చూసినవాళ్లకు ఆ వర్ణన పరాయిదిగా అనిపించదు. అక్కడి మెలోకాక్టస్‌లు, నీలిరంగు పైలోసీరియస్‌లు మన డాబాల మీద హాయిగా ఉంటాయి. నెత్తిన ఎర్రటి ఉన్ని టోపీ కట్టుకునే మెలోకాక్టస్‌కు చలి అంటేనే భయం. యూరప్‌లో దాన్ని చలి నుంచి కాపాడటానికి నానా పాట్లు పడతారు. ఆ పాట్లు చదివి ఇది కష్టమైన మొక్క అనుకుని మనవాళ్లు వదిలేయడం అన్యాయం. మడగాస్కర్ మొక్కల మీద వెర్నర్ రౌ 1995, 1998లో తెచ్చిన రెండు సంపుటాలు, జిమ్నోకాలిసియమ్‌ల మీద గ్రాహం చార్ల్స్ 2009 పుస్తకం కూడా ఈ వరుసలోవే. జిమ్నోకాలిసియమ్‌లు గడ్డి నీడలో పెరిగేవి కాబట్టి షేడ్ నెట్ కింద సుఖంగా ఉంటాయి, మట్టి ఒక్కటి జాగ్రత్తగా చూసుకుంటే.

ఇంతవరకూ చెప్పినవన్నీ దూరదేశాల మొక్కలు. కాక్టస్‌లలో ఒక్క రిప్సాలిస్ బాక్సిఫెరా తప్ప మిగతావన్నీ సహజంగా పెరిగేది అమెరికా ఖండాల్లోనే. కానీ సక్యులెంట్లు మన నేల మీదా పుట్టాయి. వాటి పుస్తకాలను మన పెంపకందారులు పట్టించుకోకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి, మన దేశపు చిత్రకారుల చేత బొమ్మలు వేయించి సిద్ధం చేసిన 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' మొదటి సంపుటం 1795లో లండన్‌లో వచ్చింది. మూడు సంపుటాల్లో 300 బొమ్మలు. అందులో ఒక బొమ్మ నాలుగు పలకల సన్నని కాండంతో రాళ్ల మధ్య పెరిగే కుందేటి కొమ్ములది. రాక్స్‌బర్గ్ దాని తెలుగు పేరు 'కారల్లం' అని రాసుకున్నాడు. 1810లో రాబర్ట్ బ్రౌన్ ఆ పేరునే ప్రజాతికి పెట్టి కారల్లుమా అన్నాడు. ఈనాడు యూరప్‌లో, అమెరికాలో సేకర్తలు ఎంతో ఇష్టంగా పెంచే ఆ ప్రజాతికి అలా మన తీరం నుంచి పేరు వెళ్లింది. ఈ పుస్తకం కూడా బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితం. బొమ్మల కోసమైనా ప్రతి తెలుగు పెంపకందారు ఒకసారి తిరగేయాలి.

చేతికి అందేంత దగ్గరగా ఉన్న పుస్తకం ఇంకొకటి ఉంది. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో పనిచేసిన టి. పుల్లయ్య, సహరచయితలతో 2000లో 'ఫ్లోరా ఆఫ్ గుంటూరు డిస్ట్రిక్ట్' తెచ్చారు. అప్పటికి పల్నాడు గుంటూరు జిల్లాలో భాగమే. వేరు జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో. కాబట్టి ఇది మన ఊరి పుస్తకం. బొమ్మల పుస్తకం కాదు, వృక్షశాస్త్ర పరిభాష దండిగా ఉంటుంది, చదవడానికి ఓపిక కావాలి. అంతకు ముందు తరం వాళ్లకు గాంబుల్ మొదలుపెట్టగా 1915 నుంచి 1936 దాకా వచ్చిన 'ఫ్లోరా ఆఫ్ ది ప్రెసిడెన్సీ ఆఫ్ మద్రాస్' ఆధారం. మన గుట్టల మీద, కంచెల్లో కనిపించే బొంతజెముడు, ఆకుజెముడు, నల్లేరు, చాగనార, కుందేటి కొమ్ములకు పేరూ ఊరూ తెలియాలంటే ఇలాంటి పుస్తకాలే దిక్కు. 'వస్తుగుణదీపిక' లాంటి పాత తెలుగు వైద్య గ్రంథాలు మొక్కల గుణాలు చెబుతాయి, పెంచే తీరు వాటి విషయం కాదు.

జెముళ్లన్నిటినీ కాక్టస్ అనే అలవాటు ఒకటి మనకుంది. తేడా తెలుసుకోవడానికి పుస్తకం కూడా అక్కర్లేదు, భూతద్దం చాలు. నాగజెముడు ముల్లు మొదలు దగ్గర చూస్తే దూదితో చేసినట్టు చిన్న దిండు ఉంటుంది. ముళ్లన్నీ ఆ దిండులోంచే వస్తాయి, పక్కనే కంటికి ఆనని నూగుముళ్ల కుచ్చు ఉంటుంది. ఆ దిండు పేరు అరియోల్. అది ఉంటేనే కాక్టస్. బొంతజెముడుకు దిండు ఉండదు. కాండం అంచు మీద గట్టి చిన్న పలక, దాని మీద జంట ముళ్లు. గిల్లితే పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే చూపు దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి గిల్లి చూసేటప్పుడు కళ్లకు దూరంగా పెట్టుకోవాలి, చేతులు వెంటనే కడుక్కోవాలి. కొనేటప్పుడు ఈ తేడా తెలిస్తే యుఫోర్బియా పుస్తకం చూడాలో కాక్టస్ పుస్తకం చూడాలో తేలిపోతుంది.

నాగజెముడు మన దగ్గరికి వచ్చి పాతుకుపోయిన కథలో కొంత భాగం మద్రాసులో నడిచింది. ఎర్రరంగునిచ్చే కోచినీల్ పురుగును పెంచాలని ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ 1780ల చివర సైదాపేటలో జెముడు తోట వేయించాడు. 1795లో బ్రెజిల్ నుంచి పురుగు వచ్చింది. అది అసలు రకం కాదు, రంగు వ్యాపారం సాగలేదు. కానీ ముళ్లు తక్కువ ఉన్న ఒక రకం జెముడును ఊళ్లకు ఊళ్లు తినేసింది. ముళ్ల నాగజెముడు మాత్రం పొలాలను ఆక్రమిస్తూనే పోయింది. 1926లో ఇంకో రకం కోచినీల్ పురుగును దక్షిణాదిలో వదిలాక గాని అది అదుపులోకి రాలేదు. ఇప్పటికీ నాగజెముడు పలకల మీద తెల్లటి బూజులాంటిది కనిపిస్తే వేలితో నలిపి చూడండి. ముదురు ఎరుపు కారితే కోచినీల్. అంత ఎరుపు లేకపోతే పిండినల్లి, మన కుండీలకు అసలు శత్రువు అదే.

పిండినల్లి మాట వచ్చింది కాబట్టి పాత పుస్తకాల గురించి ఒక హెచ్చరిక చేయకుండా ఉండలేను. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికే 1950లు, 60ల నాటి పుస్తకాల్లో పురుగులకు నికోటిన్, పారాథియాన్ లాంటి విషాలు ధైర్యంగా రాసి ఉంటాయి. పారాథియాన్ ఇప్పుడు మన దేశంలో నిషేధం. పత్తి, మిరప పండించే మన జిల్లాలో ఇంటి మూల ఏదో ఒక మందు డబ్బా మిగిలి ఉండటం మామూలే. పుస్తకంలో ఉందిగదా అని అది తెచ్చి డాబా మీద, పిల్లలు ఆడే చోట కొట్టడం ప్రాణాంతకం. మెత్తటి బ్రష్‌ను సర్జికల్ స్పిరిట్‌లో ముంచి పురుగును ఒక్కొక్కటిగా తుడవడం, వేళ్లలో ఉంటే మట్టి మొత్తం మార్చడం, పది కుండీలకైనా యాభై కుండీలకైనా సరిపోతుంది. మరో విషయం. ఆ కాలపు పుస్తకాలు అడవి నుంచి మొక్కలు పెళ్లగించి తేవడాన్ని సాహసంగా రాశాయి. ఇప్పుడు కాక్టస్‌ల అంతర్జాతీయ వ్యాపారం మీద సైట్స్ ఒప్పందం నియంత్రణ ఉంది, కొన్ని జాతుల్ని అడవి నుంచి తెచ్చి అమ్మడం పూర్తిగా నిషేధం. మన నల్లమలలో కుందేటి కొమ్ములకూ అదే మర్యాద దక్కాలి. కావాలంటే తోటి పెంపకందారు దగ్గర ఒక కొమ్మ అడిగి తెచ్చుకోవచ్చు, కొమ్మ నాటితే బతుకుతుంది.

తెలుగు తోటపని పుస్తకాల్లో గులాబీకి, మల్లెకు, కూరగాయలకు దక్కిన చోటు ఈ మొక్కలకు దక్కలేదు. వచ్చే పుస్తకం ఎలా ఉండాలో ఎవరైనా అడిగితే, మొదట అది కార్తెల లెక్కన రాయమంటాను. రోహిణిలో షేడ్ నెట్ రెండు వరుసలు, నీళ్లు సాయంత్రం పూట కొద్దిగా, అదీ అడీనియం, మెలోకాక్టస్‌లకే. మృగశిర చినుకు పడగానే పైన ప్లాస్టిక్ కప్పు, ఎందుకంటే ఎండిన వేరు మీద ఒక్కసారిగా పడే వాన మొదలు పగలగొడుతుంది. చిత్త, స్వాతి ముసురులో గాలి ఆడేలా కుండీలను దూరం జరపడం. ఆ తర్వాత నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మట్టి ఆరినప్పుడల్లా నిండుగా నీళ్లు, కుండీ మార్పిడి, గ్రాఫ్టింగ్, విత్తనాలు. రెండోది, ప్రతి మొక్క పేరు పక్కన మూడు మాటలు ఉండాలి: పుట్టింది ఎంత ఎత్తున, ఏ రాయి మీద, వాన ఏ కాలంలో. మూడోది, ఊరిని బట్టి మాట మారాలి. మదనపల్లె రాత్రి వేరు, నరసరావుపేట రాత్రి వేరు. కడియం ఒండ్రుమట్టి వేరు, పిడుగురాళ్ల సున్నం వేరు. కడియం నర్సరీల్లో తరతరాలుగా గ్రాఫ్టింగ్ చేస్తున్న చేతులకు తెలిసింది, విశ్వవిద్యాలయాల్లో వృక్షశాస్త్రం చెప్పేవాళ్లకు తెలిసింది, డాబాల మీద రోజూ చూసుకునే ఇల్లాళ్లకు తెలిసింది ఒకచోట చేర్చితే 200 పేజీల పుస్తకం అవుతుంది. అలాంటిది వచ్చేదాకా ఆండర్సన్, గిబ్సన్-నోబెల్ పుస్తకాలను ఊళ్లో నలుగురైదుగురు పెంపకందారులు కలిసి కొని, పుట్టిన చోటు పేజీల అంచుల్లో మన కార్తెలు పెన్సిల్‌తో రాసుకుంటూ చేతులు మార్చుకోవడం మంచి పద్ధతి.